కుడి అంచు

"పెన్ను పట్టుకో," అన్నాడు డాక్టరు.

మద్దిలేటి పట్టుకున్నాడు.

"పేరు రాయి."

రాశాడు. అక్షరాలు కాస్త పక్కకు ఒరిగాయి గాని, గీత ఎక్కడా వణకలేదు. డాక్టరు గ్లాసు ఎత్తమన్నాడు. ఎత్తాడు. చొక్కా గుండీ విప్పి మళ్లీ పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాడు. పిడికిలి బిగించమన్నాడు. బిగించాడు. వెనక వరుసలో చంకకర్రల మీద నిలబడ్డ ముసలాయన ఆ పిడికిలిని చూసి పళ్లు లేని నోటితో నవ్వాడు.

"గా పిడికిలితోని ఒక్కటి ఇచ్చిండంటే నేను పోయి నాగర్‌కర్నూల్ల పడ్త."

వరుసంతా నవ్వింది. గద్వాల బయట ఒక బడిలో పెట్టిన వైకల్య పరీక్షల క్యాంపు అది. పొద్దున ఏడింటికి వస్తే పదకొండున్నరకు వంతు వచ్చింది. వంతు వచ్చాక రెండు నిమిషాలు పట్టలేదు.

మద్దిలేటి భార్య జోగులమ్మ బల్ల దగ్గరకు జరిగింది. "సార్, జర ఇనుండ్రి. గివన్నీ మంచిగనే జేస్తడు. మగ్గం మీద కూసుంటేనే చెయ్యి మెలి తిరుగుతది. నాడె ఇసిరేటప్పుడు బొటనవేలు లోపలికి పోతది, మణికట్టు ఇట్ల..."

తన చేతిని మెలితిప్పి చూపించింది. తడిగుడ్డ పిండినట్టు.

"మగ్గం తెచ్చినవా అమ్మా?" అన్నాడు డాక్టరు. ఆయన వెటకారంగా అనలేదు. బల్ల మీద ఇంకా నూట నలభై కాగితాలు ఉన్నాయి. "నాకు ఇక్కడ కనబడిందే నేను రాయాలె. చెయ్యి బాగుంది. ఎట్ల రాయమంటవ్ బాగలేదని?"

కాగితం మీద వైకల్యం లేదని ముద్ర పడింది. తర్వాతి మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండి మద్దిలేటే నడిపాడు. కుడిచేత్తో వేగం పెంచాడు, తగ్గించాడు, గేదె అడ్డమొస్తే హారన్ కొట్టాడు. వెనక కూర్చున్న జోగులమ్మ ఆ చేతినే చూస్తోంది. ఎవరు చూసినా బాగున్న చెయ్యే.

"ఏమే," అన్నాడు గాలికి గొంతు పెంచి. "నిజంగనే తగ్గిందేమో. ఆర్నెల్లసంది ఒక్క చీర వాపసు రాలే. కుడి అంచు ఎంత సక్కగొస్తుందో నువ్వే సూస్తున్నవ్ గద."

జోగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, దుమ్ము అన్నట్టు.

*

గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. రెండూ వేర్వేరు దారాలు, రెండూ ఒక్కచోట కలవాలి. నడుమ నూలుకు దారపు కండె పెట్టి విసిరే నాడె ఒకటి, ఎడమ అంచుకు ఒకటి, కుడి అంచుకు ఒకటి. నేసేవాడు గుంటలో కాళ్లు పెట్టి మధ్యలో కూర్చుంటాడు. కుడి పక్కన ఇంకో మనిషి కూర్చుని కుడి అంచు నాడెను అందిస్తుంది. నూలు పోగు వచ్చి పట్టు పోగును కొక్కెంలా పట్టుకున్నప్పుడు దాన్ని కుట్టు అంటారు. ఒక్క పోగు వదులైతే చాలు, ఉతికిన మూడో నాటికి అంచు ఊడి చేతిలోకి వస్తుంది.

ఎడమ కుట్టు అంతా మద్దిలేటిదే. అందుకని అతని చూపు ఎప్పుడూ ఎడమ అంచు మీదే ఉంటుంది. కుడి వైపు చూడవలసిన పని లేదు. అక్కడ పెళ్లాం ఉంది.

క్యాంపు నుంచి వచ్చి అన్నం తిని మగ్గం ఎక్కారు. కాలితో తొక్కాడు. నిలువు దారాల పడుగు రెండు పొరలుగా విడింది. కుడిచేత్తో నాడె విసరబోయాడు. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది. మణికట్టు లోపలికి తిరిగింది. నాడె బయలుదేరింది గాని జోరు లేదు, పోగు వదులుగా సాగింది. అది మద్దిలేటికి తెలిసేలోపే జోగులమ్మ చూపుడువేలు పడుగు కిందుగా పోయి నాడె తోకను తోసింది. చిటికెనవేలి గోరు వదులు పోగును లాగి పట్టు పోగుకు తగిలించింది. మద్దిలేటి దువ్వెనలాంటి పన్నె లాగి కొట్టాడు. దారం కూర్చుంది.

ఇదంతా కన్ను మూసి తెరిచేంతలో.

మొదట్లో పది పోగులకు ఒకసారి చేసేది. అప్పుడు అతనికీ తెలుసు. "జర అందుకోవే" అని తనే అనేవాడు. తర్వాత అనడం మానేశాడు, తగ్గిందనుకుని. ఆమె చెప్పలేదు. ఇప్పుడు పదింట తొమ్మిది ఆమె గోటి మీదే నడుస్తున్నాయి. ఆ గోరు పట్టుదారం కోసి కోసి మధ్యలో చీలింది. గోరింటాకు పెడితే చీలిక కనబడదని ఎప్పుడూ పెట్టుకుంటుంది.

సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది. డాక్టర్ మిస్బా. వనపర్తి పిల్ల, హైదరాబాదులో నరాల డాక్టరు. రెండేళ్లుగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తిరిగి ఈ జబ్బున్న కుటుంబాలను వెతికి పట్టుకుంది. కండరాలు వాటంతటవే మెలితిరిగే దీన్ని డిస్టోనియా అంటారట. అందులో ఇది ఇంకా సరైన పేరు కూడా పెట్టని రకమట. మద్దిలేటి అన్న పెంటయ్య నాగర్‌కర్నూల్‌లో ఉంటాడు. అతనికీ చేతితోనే మొదలైంది. ఇప్పుడు మెడ పక్కకు తిరిగిపోయి, గోడను చూస్తూ అన్నం తింటాడు.

"అక్కా, గురువారం నాడు ట్రస్టోళ్లు వస్తుండ్రు," అంది మిస్బా. "మన స్టడీకి ఇప్పుడున్న పైసలు ఈ నెలతో ఖతం. వీళ్లిస్తే ఇంకో మూడేండ్లు నడుస్తది. లేకుంటే బంద్ జెయ్యాల్సిందే."

"పెంటయ్య బావను సూపియ్యరాదు?"

"ముదిరినోళ్లను చూసి వాళ్లేం జేస్తరక్కా? మొదట్ల ఎట్ల ఉంటదో చూస్తమన్నరు. మొదట్ల పట్టుకుంటేనే ఆపేది దొరుకుతది. వీడియో ఉందన్న. వీడియోల ఎవరన్నా యాక్టింగ్ చెయ్యొచ్చన్నరు. అందుకే మగ్గం కాడికే వస్తుండ్రు. అన్న ఎట్ల నేస్తే అట్ల చూపియ్యుండ్రి. ఏం దాచొద్దు."

జోగులమ్మ గడప వైపు చూసింది. కూతురు వర్ష బడి నుంచి వచ్చి చెప్పులు విడిచింది. పదమూడేళ్ల పిల్ల. కుడి చెప్పు మామూలుగా ఉంది. ఎడమ చెప్పు బయటి వైపు అరిగి కాగితమంత పలచబడింది. ఉగాదికి కొన్న చెప్పులు.

మిస్బా ఆ చెప్పును పోయినసారి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. అదే జబ్బో కాదో ఇప్పుడే ఏం చెప్పలేమంది. మూడేళ్లు, ఆరునెలలకోసారి చూస్తూ ఉండాలంది. ఆ మూడేళ్లే ఇప్పుడు గురువారం మీద ఆధారపడ్డాయి.

"దాచమమ్మా," అంది జోగులమ్మ.

*

బుధవారం ఇల్లు అలికారు. మద్దిలేటి గడ్డం గీయించుకుని వచ్చాడు. మగ్గం మీది దుమ్ము దులిపి, పన్నెను నూనె గుడ్డతో తుడిచి, తెగిన పడుగు పోగులన్నీ ముడివేశాడు. పక్కింటి నర్సమ్మ గోడ మీదుగా చూసింది.

"ఏం మరిది, పెండ్లి సూపులా?"

"పట్నం నుంచి పెద్దమనుషులొస్తుండ్రు వదినె."

"చెయ్యి బాగలేదని సూడనీకొస్తుండ్రంటివి. మగ్గాన్ని గట్ల ముస్తాబు జేస్తవేంది? జర పాడుగ వెట్టు."

"పాడుగున్న మగ్గాన్ని మనుషులకు సూపిస్తమా?" అన్నాడు మద్దిలేటి. నిజంగానే అర్థం కానట్టు అన్నాడు.

మధ్యాహ్నం జోగులమ్మ ఒక పరీక్ష చేసింది. రేపు ఏం చెయ్యాలో ఇవాళే అలవాటు చేసుకోవాలి. కుడి అంచు నాడె అందించి, చేతిని వెంటనే ఒళ్లోకి లాక్కుంది. పిడికిలి బిగించి మోకాలి కింద పెట్టుకుంది. మద్దిలేటి మణికట్టు తిరిగింది. నాడె నడిమధ్యన ఆగిపోయింది. పోగు ఉచ్చులా వేలాడింది. అతను అలవాటుగా పన్నె కొట్టేశాడు. కుడి అంచు దగ్గర చిల్లు పడింది.

చప్పుడు తేడా విని మద్దిలేటి తిరిగి చూశాడు.

"ఏందే ఇది? నిద్రవోతున్నవా?"

జోగులమ్మ చిల్లు మీదికి వంగింది.

"రేపు గూడ గిట్లనే జేస్తే ఇజ్జత్ పోతది. నా చెయ్యి బాగలేకుంటే ఏమో అనుకోవచ్చు. నీకేమైంది?"

"కన్ను మూతబడ్డది," అంది.

"జర హుషారుగుండు."

ఆ పోగు విప్పింది. చిల్లు మూసింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఒక్క పోగూ వదల్లేదు. వదిలితే అతను మళ్లీ ఇటు తిరుగుతాడు. తిరిగితే చూస్తాడు. రేపు వదులుదామనుకుంది. రేపు నలుగురిలో తిట్టినా సరే.

*

గురువారం పదింటికి తెల్ల కారు సందు మొదట్లో ఆగింది. ముందు మిస్బా దిగింది. ఆమె వెనక శ్రవణ్ కుమార్, ట్రస్టు తరఫున వచ్చిన మనిషి. నలభై లోపు వయసు, మెత్తని మాట. గడప దగ్గర చెప్పకముందే బూట్లు విప్పాడు. అతని వెంట కెమెరా పట్టుకున్న అమ్మాయి. పొద్దున్నే వనపర్తిలో ఒక కుటుంబాన్ని చూసి వస్తున్నారు. ఇక్కడ అయ్యాక నాగర్‌కర్నూల్ వెళ్లాలి.

టీ తాగారు. శ్రవణ్ కుమార్ మద్దిలేటి చేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే వంచి చూశాడు.

"ఇప్పుడేమీ నొప్పి లేదు కదా?"

"లేదు సార్. ఇట్ల ఏముండదు."

"సరే, ఒక పది నిమిషాలు నేయండి. నేను ఊరికే చూస్తుంటాను."

"అన్నా," అంది మిస్బా, "ఎట్ల వస్తే అట్ల నెయ్యి."

మద్దిలేటి గుంటలోకి కాళ్లు దించాడు. జోగులమ్మ కుడి పక్కన కూర్చుంది. ముగ్గురూ ఎడమ వైపు నిలబడ్డారు, వెలుతురు అటు ఉందని. అక్కడి నుంచి మద్దిలేటి చెయ్యి కనబడుతుంది. పడుగు కింద ఏం జరుగుతుందో కనబడదు.

తొక్కాడు. పడుగు విడింది. జోగులమ్మ అంచు నాడె అందించి చేతిని వెనక్కి తీసుకోవాలనుకుంది. మద్దిలేటి బొటనవేలు లోపలికి పోయింది. నాడె కదిలింది. పన్నె పడింది. దారం కూర్చుంది.

కుట్టు నిండుగా ఉంది.

ఆమె తన చేతిని చూసుకుంది. చూపుడువేలు అప్పటికే వెనక్కి వస్తోంది. ఎప్పుడు పోయిందో తెలియదు.

పళ్లు బిగబట్టింది. మళ్లీ తొక్కుడు. మళ్లీ నాడె. ఈసారి చెయ్యి ఒళ్లోకి లాక్కుందామని మోచేయి వెనక్కి తీసింది. మణికట్టు ముందుకే పోయింది. గోరు పోగును పట్టుకుంది. మూడోసారి, నాలుగోసారి. పన్నె చప్పుడు వినబడగానే వేలు పరుగెత్తుతోంది. వద్దంటోంది లోపల. వేలికి వినబడటం లేదు.

పది పోగులు. ఇరవై. నలభై. మామిడి పిందె బొమ్మ ఒకటి కుడి అంచు మీద తోక నుంచి తల దాకా పూర్తయింది. కెమెరా అమ్మాయి దగ్గరకు వచ్చి పిందెను తీసింది.

"అద్భుతం," అన్నాడు శ్రవణ్ కుమార్. "ఈ చీర ఎవరికో మాట అయిపోయిందా? మా ఆవిడ ఎన్నాళ్ల నుంచో గద్వాల చీర అంటోంది."

మద్దిలేటి ముఖం వెలిగింది. ఏడాదిలో ఆ ముఖం అలా ఉండగా జోగులమ్మ చూడలేదు.

"డాక్టర్ గారూ, మందేమైనా ఇస్తున్నారా ఈయనకు?"

"లేదు," అంది మిస్బా. ఆమె కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఫోన్‌లో ఒక వీడియో తీసింది. "ఇది పోయినేడాది తీసింది. ఆరోజు అక్క ఊర్లో లేదు, పక్కింటామె కూర్చుంది. చూడండి, మణికట్టు ఎట్లా..."

"ఇది నేను చూశాను. అందుకే వచ్చాను. కాని ఇప్పుడు లేదు కదండీ. దానంతట అదే తగ్గుతుందంటే మంచిదేగా. అప్పుడు కమిటీ మరోలా ఆలోచిస్తుంది." గడియారం చూసుకున్నాడు. "నాగర్‌కర్నూల్ ఎంత దూరం?"

గడప పక్కన వర్ష చెప్పులు ఉన్నాయి. ఇవాళ బడికి బూట్లు వేసుకుని పోయింది.

"తగ్గలే సార్," అంది జోగులమ్మ.

అందరూ ఇటు తిరిగారు. మద్దిలేటి కూడా.

"తగ్గలే. నేను పట్టుకుంటున్న. నాడెను నేనే నూకుతున్న. పోగు నేను గుంజుతున్న. కిందికెల్లి."

గోరింటాకు పెట్టిన గోరు చూపించింది. చీలిక లోపలికి దారం ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది, ఎర్రగా.

శ్రవణ్ కుమార్ మిస్బా వైపు చూశాడు. అడగవలసిన ప్రశ్న అతను అడగలేదు. మద్దిలేటి అడిగాడు.

"పదిట్ల ఎన్ని?"

"ఏం?"

"పది పోగులల్ల నువ్వు గుంజేటివి ఎన్ని?"

"ఏడు," అంది. రెండు తగ్గించి చెప్పింది.

మద్దిలేటి కుడి అంచు వైపు వంగాడు. చుట్టిన బట్ట మీద చేయి పెట్టి వెనక్కి వెనక్కి తడిమాడు, ఎప్పటి నుంచి అని వెతుకుతున్నట్టు.

"నువ్వు లెవ్వు," అన్నాడు.

"ఇగో..."

"లెవ్వు. సార్ సూడనీకొచ్చిండు. సూడనీ."

జోగులమ్మ లేచి గోడకు ఆనుకుంది. మద్దిలేటి మూడు నాడెలూ తనే పట్టాడు. తొక్కాడు. కుడిచెయ్యి ఎత్తాడు. బొటనవేలు ముడుచుకుంది. మణికట్టు తిరిగింది, దాంతో మోచేయి తిరిగింది, భుజం చెవి దాకా లేచింది. నాడె పడుగు మీద నుంచి జారి గుంటలో పడింది. తీశాడు. మళ్లీ విసిరాడు. పట్టు పోగు పుటుక్కున తెగింది. ముడివేశాడు. ముడివేసేటప్పుడు చెయ్యి హాయిగా ఉంది. విసిరాడు. మళ్లీ మెలి. పిందె పక్కన చిల్లు, చిల్లు పక్కన ఉచ్చు.

"చాలండీ," అన్నాడు శ్రవణ్ కుమార్.

మద్దిలేటి ఆగలేదు. కెమెరా అమ్మాయి కెమెరా దించింది. మిస్బా అతని భుజం మీద చేయి వేసింది. "అన్నా, బస్. కనబడ్డది." అయినా ఆగలేదు. జానెడు బట్ట పాడయ్యాక, కండె అయిపోయి నాడెలో దారం లేక ఆగాడు.

పోయేటప్పుడు శ్రవణ్ కుమార్ రెండు చేతులూ జోడించాడు. "నా వంతు నేను గట్టిగా చెప్తాను," అన్నాడు. అబద్ధం చెప్పే ముఖం కాదు.

*

ఆ జానెడు బట్ట విప్పడానికి రెండు రోజులు పట్టింది. మద్దిలేటే విప్పాడు. ఒక్కొక్క పోగూ సూదితో లేపి, తెగకుండా లాగి, కండెకు చుట్టాడు. విప్పేటప్పుడు చెయ్యి ఒక్కసారి కూడా మెలి తిరగలేదు. జోగులమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ చూసింది.

విప్పడం అయ్యాక మగ్గం మీద పాత దుప్పటి కప్పి, మంచం మీద పడుకున్నాడు. తిట్టలేదు. అన్నం పెడితే తిన్నాడు. కూర బాగుందా అంటే బాగుందన్నాడు. షావుకారు మనిషి వచ్చి చీర ఎప్పుడని అడిగితే, "గామెను అడుగు," అని అటు తిరిగాడు.

ఆ తర్వాతి బుధవారం మిస్బా ఫోన్ చెయ్యలేదు. తనే వచ్చింది. వనపర్తిలో అమ్మగారింటికి వచ్చి, అక్కడి నుంచి బస్సెక్కి వచ్చింది. ఆమె గడప దగ్గర చెప్పులు విప్పే తీరు చూడగానే జోగులమ్మకు అర్థమైంది. నీళ్లిచ్చింది.

"కమిటీల అందరు అన్న వీడియో చూసిండ్రట. ఒక మేడమ్ ఏడ్చిందట గూడ."

"ఊఁ."

"శ్రవణ్ కుమార్ మస్తు కొట్లాడిండట. కానీ అక్కా... మూడు జిల్లాలు తిరిగితే మనకు దొరికినోళ్లు పద్నాలుగు మంది. గా పైసలే పెట్టి షుగర్ పరీక్షల బండ్లు కొంటే నలభై వేల మందికి చూడొచ్చన్నరు. దానికే ఇచ్చిండ్రు." గ్లాసు కింద పెట్టింది. "వాళ్లది తప్పని నేను ఎట్ల అనాలె? మా అమ్మకు గూడ షుగరే."

మంచం మీద మద్దిలేటి కళ్లు మూసుకునే ఉన్నాడు.

"పద్నాలుగంటే," అంది జోగులమ్మ, "వర్షను కలిపా?"

"వర్షను ఎట్ల కలుపుతనక్కా? ఇంకా తేలలే గద."

"కలిపితే పదిహేను అవుతుండె."

మిస్బా సంచి ముందుకు లాక్కుంది. సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసి ఇచ్చింది. ఇంటిల్లిపాది పరీక్షల నకళ్లు. ఇంకెవరైనా డాక్టరు దగ్గరకు పోతే పనికొస్తాయంది. ఆఫీసులో ఉన్నవి నెలాఖరుకు మూటగట్టి కింది గదిలో పెట్టేస్తారంది. వర్షను మాత్రం ఆరునెలలకోసారి తన దగ్గరకు తీసుకురమ్మంది. "నేను ఏడ ఉంటే ఆడికి. ఫోన్ నంబర్ ఇదే ఉంటది."

"నువ్వు సూస్తే ఏమన్న జేస్తవా?"

"చూస్త," అంది మిస్బా. "చూసుడు మాత్రం చూస్త."

రెండు గంటల బస్సుకు వెళ్లిపోయింది.

జోగులమ్మ కాగితాలు బీరువా మీద పెట్టి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. మద్దిలేటి మగ్గం మీది దుప్పటి తీసి మడత పెడుతున్నాడు. మడత పెట్టి, వచ్చి కుడి పక్కన, ఆమె కూర్చునే చోట కూర్చున్నాడు.

"గుంటల దిగు," అన్నాడు.

"నేనా?"

"ఇంకెవరు?"

"నాకు ఎడమ కుట్టు రాదు."

"కుడిది ఎవరు నేర్పిండ్రు నీకు? దిగు."

దిగింది. తొక్కే చెక్కలు అతని కాళ్ల పొడుగుకు కట్టినవి, ఆమెకు అందలేదు. అతను లేచి, గుంటలోకి వంగి, తాళ్లు విప్పి నాలుగు వేళ్ల మేర పైకి కట్టాడు. ఆ చేతులు తన పాదాలకు తగులుతుంటే జోగులమ్మ కదలకుండా కూర్చుంది.

తొక్కింది. పడుగు విడింది. మద్దిలేటి కుడి అంచు నాడె చేతిలోకి తీసుకున్నాడు. అది చిన్న నాడె, విసరనక్కర లేదు, అందిస్తే చాలు. ఆమె అతని బొటనవేలిని చూస్తోంది. తిన్నగానే ఉంది. రెండో పోగుకూ తిన్నగా ఉంది. మూడో పోగుకు కొస కొద్దిగా లోపలికి వంగినట్టనిపించింది. ఆమె పన్నె కొట్టకుండా ఆగింది.

బయట వర్ష బడి నుంచి వస్తోంది. సందులో ఒక అడుగు గట్టిగా పడుతోంది, ఒక అడుగు రాసుకుంటూ వస్తోంది.

"ఎడమ కుట్టు వదులైంది, సూస్కో," అన్నాడు మద్దిలేటి. "ఇటెందుకు సూస్తున్నవ్?"

"ఏం లేదు."

"నా చెయ్యి సూడకు. నీ అంచు సూడు."

జోగులమ్మ ఎడమ వైపు తిరిగింది. వదులైన పోగును లాగి సరిచేసి, చూపు అక్కడే నిలిపి, మళ్లీ తొక్కింది. కుడి పక్క నుంచి నాడె వచ్చింది. అది తిన్నగా వచ్చిందో, వచ్చేట్టు అతను ఏం చేశాడో ఆమెకు తెలియలేదు.